తాతగారి తుపాకీ, 21 కాసులు

అపురూపమైన వస్తువును పోల్చడం ఎలాగండీ? ఈ ప్రశ్న మగవాళ్ళని అడిగితే పుస్తకాలు తిరగేస్తారు. మనల్ని అడిగితే చటుక్కున చెప్పేస్తాం. పట్టుచీర చేతికి రాగానే మనం ముందు చూసేది కొంగు కాదు, వెనకవైపు జరీ. ఇత్తడి గంగాళాన్ని వేలితో ఒక్కసారి మోగించి ఎక్కడ అతుకు పడిందో చెప్పేస్తాం. కంసాలి ఎదురుగా కూచుని గాజు ఇటూ అటూ తిప్పి, "ఇందులో టంకం కాస్త ఎక్కువైంది నాయనా" అని తేల్చేస్తాం. ఇన్ని తెలిసినా, ఒక తుపాకీ విలువ తేల్చే పని నా నెత్తిన పడుతుందని మాత్రం నేనెన్నడూ అనుకోలేదు సుమండీ!

దీనికంతటికీ కారణం మా ఆడపడుచు కొడుకు. డల్లాస్‌లో కంప్యూటర్ల ఉద్యోగం. అక్కడ అందరూ ఆదివారం పూట షాపింగుకి వెళితే, వీడు తుపాకుల వేలం చూడడానికి వెళతాడు. డల్లాస్ దగ్గరే బెడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో రాక్ ఐలండ్ అనే వేలం కంపెనీవాళ్ళు 2023 నుంచి పెద్ద హాలు నడుపుతున్నారట. కొనడానికి కాదు, ఊరికే చూడడానికేనంటాడు. చీరల కొట్టుకి మనమూ అలాగే అని వెళతాం కదా, అందుకని నేను రెట్టించలేదు.

ఒకరోజు అర్ధరాత్రి వేళ ఫోను. "అత్తయ్యా! మన ఏలూరు ఇంట్లో ముత్తాతగారి తుపాకీ ఉండేది చూడు, అది మిలటరీ రైఫిలట కదా? అలాంటిది ఇక్కడ మొన్న ఎంతకి పోయిందో తెలుసా?" అని ఒక అంకె చెప్పాడు. నేను నిద్రమత్తులో వదిలేశాను గానీ, పక్కనున్న మావారు లేచి కూచున్నారు. తెల్లారేసరికి ఆ అంకె తణుకులో ఉన్న మా మరిది చెవిన పడింది. తమ్ముడు సాధారణంగా పండక్కి తప్ప ఫోను చెయ్యడు. ఆ రోజు మూడుసార్లు చేశాడు.

ఆ తుపాకీ సంగతి కాస్త చెప్పాలి. మావారి తాతగారిది కైకలూరు వైపు పల్లె. కొల్లేరు నీళ్ళు ఒక ఏడు పెరటిదాకా వచ్చి, మరో ఏడు మైళ్ళ దూరం వెనక్కి పోయే ఊరు. పిల్లల చదువులకోసం ఏలూరు పవర్‌పేటలో ఇల్లు కట్టారు. జమీందారీలు రద్దయ్యాక ఒక దివాణం సామాన్లు వేలం వేస్తుంటే ఈయన వెళ్ళి తుపాకీ పాడుకొచ్చారు. ఆ రోజుల్లో శీతాకాలం వస్తే కొల్లేటికి బాతుల వేటకి దొరలూ, జమీందార్లూ దోనెలెక్కి వెళ్ళేవారు. తాతగారికీ ఆ సరదా పుట్టింది. అయితే ఎగిరే బాతుని కొట్టేది రవ్వల తుపాకీతో. పన్నెండు బోరు అంటారే, అది. ఈయన తెచ్చింది ఒక్క గుండు పేల్చే రైఫిలు. "ఆ తుపాకీ జన్మలో ఒక్క పిట్టని కొట్టిన పాపాన పోలేదే అమ్మాయ్" అంటారు మా అత్తగారు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. ఇవాళ ఆటపాకలో గూడబాతులు నిర్భయంగా పిల్లల్ని పెంచుకుంటున్నాయి. వాటికి మా తాతగారివల్ల మాత్రం ఏనాడూ ప్రమాదం లేదు.

మరైతే తుపాకీ చేసిన పనేమిటి? హాల్లో గోడకి వేలాడింది. దసరాకి ఆయుధపూజలో పసుపూ కుంకుమా పెట్టించుకుంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనుకి వెళ్ళి, ఫలితాలు వచ్చాక పుట్టింటి నుంచి వచ్చినట్టు తిరిగివచ్చింది. మా మామగారు పోయాక లైసెన్సు మార్పించుకునే ఓపిక అన్నదమ్ములిద్దరికీ లేక, చట్టప్రకారం లైసెన్సున్న తుపాకుల దుకాణంలో భద్రానికి అప్పజెప్పారు. అది ఎవరికి చెందాలన్న మాట అప్పటిదాకా రాలేదు. డల్లాస్ అంకె వచ్చాక వచ్చింది. "పెద్దవాణ్ణి నేను" అని మావారు. "నాన్నగారు నాకే ఇస్తానన్నారు" అని మరిది. ఆడపడుచుని ఎవరూ అడగలేదు. ఆమే నోరు విప్పలేదు.

సరే, విలువ తేలితే గొడవ తేలుతుందని నేను మేనల్లుణ్ణే పట్టుకున్నాను. "ఒరేయ్, నువ్వే రాజేశావు గనక నువ్వే చెప్పు. తుపాకీ అరుదైనదో కాదో ఎలా తెలుస్తుంది?"

వాడు చెప్పింది వింటుంటే మన చీరల కొట్టూ, కంసాలి కొట్టూ కళ్ళముందు కదిలాయి.

మొదటి మాట: పాతదైనంత మాత్రాన అరుదు కాదు. మన దేశంలో త్రీనాట్‌త్రీ అని పిలిచే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు ఉంది చూడండి, రెండు ప్రపంచయుద్ధాల్లోనూ మన సిపాయిలు మోసింది అదే. ఇంగ్లండులోనూ, ఆస్ట్రేలియాలోనూ, మన బెంగాల్లో ఇషాపూర్ ఫాక్టరీలోనూ, ఇంకా ఇతరచోట్లా కలిపి దాదాపు 1 కోటీ 70 లక్షలు తయారయ్యాయని లెక్క. అందుకని నూరేళ్ళ నాటి త్రీనాట్‌త్రీ కూడా అరుదు కాకపోవచ్చు. ఏ ఫాక్టరీ, ఏ సంవత్సరం, ఆ ఏడు ఎన్ని చేశారు, వాటిలో ఎన్ని మిగిలాయి అన్నదే లెక్క. పోలీసులూ, సైన్యాలూ కాలం చెల్లినవాటిని ముక్కలు చేసి కొలిమికి పంపేస్తుంటారు. కోట్లలో పుట్టినదైనా అలా ఒక్కో రకం తరిగిపోతుంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న గణతంత్ర పరేడులో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పారట.

రెండో మాట: నంబర్లు. తుపాకీ ఒళ్ళంతా ఒకే నంబరు ఉండాలట. గుండు పట్టే గదిమీద ఉన్న అంకే, వెనక లాగే బోల్టుమీదా ఉండాలి. వేర్వేరు ఉంటే అది పది తుపాకుల భాగాలు కలిపి బిగించిన బొంత అన్నమాట. అర్థమైందా? చెవి దిద్దులు జత కలవకపోతే మనమేమంటామో అదే!

మూడో మాట: తోమకూడదు. కర్రకి కొత్త వార్నీషు, ఇనుముకి కొత్త మెరుగు పెట్టారంటే సగం ధర పోయినట్టే. చేతులు పట్టుకుని పట్టుకుని వచ్చిన నలుపే దాని అందమట. ఇది వినగానే నేను మా అత్తగారి వంక చూశాను. ఏటా దసరాకి దానికి కొబ్బరినూనె పట్టించి మెరిపించింది ఆవిడే.

నాలుగో మాట, అన్నిటికన్నా ముఖ్యమైనది: కాగితం. ఈ తుపాకీ ఎవరిది, ఎక్కడినుంచి వచ్చింది, ఎవరి చేతులు మారింది అని రుజువు చేసే కాగితం. ఇది నాకు తేలిగ్గానే బోధపడింది. మన అల్లూరి సీతారామరాజుగారు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద వరుసగా పడ్డారు కదా! 26 తుపాకులు పట్టుకుపోతూ, ఏమేం తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారని చెబుతారు. ఆ తుపాకులు ఆనాటి మామూలు పోలీసు తుపాకులే. ఆ సంతకంతో కలిపి చూస్తే మటుకు వాటికి ధర కట్టగల మొనగాడెవడు?

ఐదో మాట వాడు నవ్వుతూ చెప్పాడు. అరుదు అనుకున్నది తెల్లారేసరికి మామూలైపోవచ్చట. నేపాల్లో గహేంద్ర అనే రైఫిలు ఒకటుండేది. అక్కడి జనరల్ ఒకాయన 1880ల్లో తయారు చేయించినది. లోకంలో బహుకొద్దిగా ఉన్నాయనుకుని సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకునేవారు. 2003లో అమెరికా వ్యాపారులు ఖాట్మండులో పాత కోట ఆయుధశాల మొత్తాన్ని కొనేశారు. తలుపులు తీస్తే ఏముంది, గహేంద్రలూ, మార్టినీలూ వేలకి వేలు గుట్టలుగా పడి ఉన్నాయి! కళ్ళకద్దుకున్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. లోకంలో లేకపోవడం వేరు, బజారులోకి రాకపోవడం వేరన్నమాట.

ఈ ఐదు మాటలూ కాగితంమీద రాసుకుని, నేనూ మావారూ తుపాకుల దుకాణానికి వెళ్ళాం. అక్కడ పనిచేసే ముసలి మేస్త్రీ తుపాకీని గుడ్డమీద పడుకోబెట్టి, భూతద్దం తీశాడు. నిండుచూలాలిని చూసే మంత్రసానికి ఉన్నంత ఓర్పు ఆయనకి. ఒక్కొక్క ముద్రా చదువుతూ వచ్చి ఒకచోట ఆగాడు. అక్కడ మూడు తుపాకులు మొనలు కలిపి నిలబెట్టిన గుర్తు.

"ఇది మా నాన్న సైకిలుమీద ఉండేదండీ!" అన్నారు మావారు ఉత్సాహంగా.

నిజమే. బి.ఎస్.ఏ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. తుపాకులు చేసిన కంపెనీయే సైకిళ్ళూ చేసింది. ఆ పాత సైకిళ్ళమీద ఉన్నది అదే గుర్తు. మనం ఇన్నేళ్ళూ తుపాకుల కంపెనీ పేరుమీద కాలేజీకి తొక్కుకుంటూ వెళ్ళామన్నమాట!

మేస్త్రీ గొట్టం బోరు కొలిచి, పెదవి విరిచాడు. "ఇది త్రీనాట్‌త్రీ కాదండి. త్రీఫిఫ్టీన్."

తేడా పన్నెండు వేలవంతులే అంగుళంలో. కానీ ఆ తేడాలోనే ఉంది కథంతా. మిలటరీ గుండు పౌరుల చేతికి చిక్కితే తమమీదికే తిరుగుతుందని ఇంగ్లీషు దొరలకు భయం. అందుకని త్రీనాట్‌త్రీ మామూలు జనానికి నిషేధం. వేటగాళ్ళకి, జమీందార్లకి అమ్ముకోవడానికి అదే యంత్రంమీద బోరు మార్చి ఈ త్రీఫిఫ్టీన్ తయారుచేశారు. చూడడానికి సిపాయి తుపాకీకి తోబుట్టువే, సైన్యం గుండు మాత్రం ఇందులో పట్టదు. ఇషాపూర్‌లోనూ ఈ రకం చేశారు, దేశంలో లైసెన్సుదారుల ఇళ్ళలో కావలసినన్ని ఉన్నాయట. పోనీ డల్లాస్ వేలానికి పంపుదామా అంటే, తుపాకీ పచ్చడి జాడీ కాదు కదా పార్శిలు కట్టడానికి! లైసెన్సున్నవాడికో, దుకాణానికో అమ్మవలసిందే.

మావారి మొహం చిన్నబోయింది. తణుకు ఫోన్లు ఆగిపోయాయి.

"అసలు మిలటరీ రైఫిలంటే ఎలా ఉంటుందే? మీ మామగారు జన్మంతా ఇదే మిలటరీది అని చెప్పుకున్నారు" అన్నారు అత్తగారు. సరేనని ఒక ఆదివారం ఆవిణ్ణి కూడా ఎక్కించుకుని తాడేపల్లిగూడెం వెళ్ళాం. గూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. ఆ పక్కనే ఇప్పుడు నిట్ కాలేజీ. అక్కడికి దగ్గరే మాధవరం. మిలటరీ మాధవరం అంటేనే బయటివాళ్ళకి తెలుస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం నుంచీ తరతరాలుగా ఇంటికొకరో ఇద్దరో సైన్యంలో చేరిన ఊరు. పోయినవాళ్ళ పేరిట ఊళ్ళో స్మారకస్తూపం కట్టుకున్నారు. మావారి స్నేహితుడి నాన్నగారు అక్కడే ఉంటారు. 1962లో సైన్యంలో చేరి సుబేదారుగా రిటైరైన మనిషి. ఎనభై దాటినా వెన్ను నిటారు.

"త్రీనాట్‌త్రీయా? నాలుగు కేజీల బరువు. పది గుళ్ళు. ఒక్కొక్క గుండుకీ బోల్టు లాగాలి. అవతల చైనావాడి దగ్గర గడగడా పేలేవి ఉండేవి, మన దగ్గర ఇది" అని చేతులు గాల్లో పెట్టి చూపించారు. లేని తుపాకీ ఆ చేతుల్లో కనిపించింది. ఆపైన, అడక్కుండానే, తన రైఫిలు నంబరు గడగడా చెప్పేశారు. అరవై ఏళ్ళ కిందటి నంబరు!

"ఆయ్, అది మాత్రం తప్పులేకుండా చెబుతారండి. మా పెళ్ళిరోజు అడగండి, నీళ్ళు నములుతారు" అంది ఆయన భార్య, కాఫీ గ్లాసులు పెడుతూ.

"మరి ఇంట్లో తుపాకీ ఏదన్నయ్యా?" అని అడిగారు అత్తగారు.

"సిపాయి తుపాకీ సర్కారుది చెల్లెమ్మా. ఇంటికి తెచ్చుకునేది ట్రంకుపెట్టె, పెన్షను పుస్తకం. అంతే." దేవుడి గూట్లోంచి వాళ్ళ నాన్నగారి పతకాలు తీసి చూపించారు. రెండో యుద్ధం నాటివి. అంచుమీద సన్నటి అక్షరాల్లో నంబరూ, పేరూ చెక్కి ఉన్నాయి. సేకరించేవాళ్ళు పతకం ముఖం కన్నా ముందు ఆ అంచు చూస్తారని మేనల్లుడు చెప్పడం గుర్తొచ్చింది. ఆయన తనతోపాటు చేరిన ఊరి సావాసగాడి సంగతి చెప్పారు. 65 యుద్ధం నుంచి తిరిగిరాలేదట. "వాడి రైఫిలు స్టోరుకి తిరిగొచ్చిందండి. తుడిచి ఇంకో కుర్రాడికి ఇచ్చారు. నంబరు అలాగే ఉంది" అని, ఇంక మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు.

తిరిగి వస్తుంటే కారులో అత్తగారు ఉన్నట్టుండి, "కాగితాలు వెతికారా?" అన్నారు. నంబర్లూ ముద్రలూ చూశాం గానీ, నాలుగో మాటని అందరం మరిచేపోయాం.

ఏలూరు ఇంట్లో అటకమీది ట్రంకుపెట్టె దింపాం. లైసెన్సు పుస్తకం దొరికింది. అందులో మడత పెట్టి దివాణం వేలం రసీదు. రసీదు వెనక అతుక్కుపోయి, చెదలు ఓ మూల కొరికిన ఇంకో చీటీ. అది తాకట్టు చీటీ. కాసులపేరు ఒకటి, కాసులు 21, ఇచ్చిన సొమ్ము 600 రూపాయలు. తేదీ, వేలానికి రెండు రోజులు ముందు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదివి, ఒళ్ళో పెట్టుకున్నారు. "మా అత్తగారిది. పుట్టింటివారు పెట్టింది. విడిపించి తెస్తానని ఈయన, వడ్డీ పెరిగి పెరిగి చివరికి అదే పోయింది. నేను కాపురానికి వచ్చాక మొదటి దసరాకి చూశాను. ఆవిడ తుపాకీకి బొట్టు పెట్టేవారు గానీ, దణ్ణం పెట్టేవారు కాదు. ఎందుకత్తయ్యా అంటే, 'నేను బొట్టు పెట్టింది నా కాసులకే, తుపాకీకి కాదు' అన్నారు. ఆవిడ పోయాక ఆ బొట్టు నేను పెడుతూ వచ్చాను."

మావారు ఏదో అనబోయి మానేశారు. అన్నదమ్ములిద్దరూ ఎవరిదని వాదించుకున్న తుపాకీ ఎవరి సొమ్ముతో వచ్చిందో ఆ చీటీమీద రాసి ఉంది. ఆ రాత్రే మా మరిదికి ఆవిడే ఫోను చేశారు. "అది మీ ఇద్దరిదీ కాదురా, మీ నాయనమ్మది" అన్నారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

తుపాకీని దుకాణం ద్వారానే లైసెన్సున్న ఒక రైతుకి అమ్మాం. చేలోకి దిగే అడవిపందుల్ని బెదిరించడానికట. డెబ్బై ఏళ్ళకి దానికో పని దొరికింది. వచ్చిన డబ్బుతో, ఈ బంగారం ధరల్లో, ఒక్క కాసు వచ్చింది. దానికీ కాస్త చేతినుంచి వెయ్యాల్సి వచ్చింది. వేసింది అన్నదమ్ములిద్దరూ. ఆ కాసుని అత్తగారు పసుపుతాడుకి గుచ్చి కూతురి మెడలో వేశారు. నోరు విప్పని మా ఆడపడుచు అప్పుడు మాత్రం గట్టిగా ఏడ్చింది. కోడలిగా నాకేమీ దక్కలేదని మీకు అనిపించవచ్చు. తాకట్టు చీటీకి అద్దం కట్టించే ఖర్చు మాత్రం నాకు దక్కింది లెండి.

డల్లాస్‌కి కాసు ఫోటో, చీటీ ఫోటో పంపాను. మర్నాడు మేనల్లుడు వేలం కేటలాగు భాషలో జవాబు రాశాడు: "బంగారు కాసు ఒకటి. కాగితాలతో సహా. ఒకే కుటుంబంలో మూడు తరాల స్త్రీల చరిత్ర కలది. 21లో ఇదొక్కటే తిరిగి వచ్చినది, తక్కిన 20 ఆచూకీ లేదు. అమ్మకానికి కాదు."